ఇల్లరికం వీసా

నా కూతురు సరిత తెల్లోణ్ణి పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు నేను కులం అడగలేదు, జాతకం అడగలేదు. పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగాను. బ్రిటిష్ అంది. ఖలాస్ అన్నాను.

ఈ అరబ్బు దేశంలో, హిద్‌లో ఓడల మరమ్మతు యార్డులో నేను వెల్డర్ని. నా భార్య పోచవ్వ ఊళ్ళో చనిపోయిన రోజు నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది; కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. తాళం కఫీల్ జేబులో ఉంది. కఫీల్ విహారయాత్రలో ఉన్నాడు. నేను ఊరు చేరేసరికి దినాలు అయిపోయాయి, బంధువులు తిని చేతులు కూడా కడుక్కున్నారు. అందుకే నాకు ఒక్కటే కోరిక మిగిలింది. నా మనవడో మనవరాలో ఎవడి బీరువాలోనూ ఉండకూడదు.

సరిత నర్సు కొలువు మీద తన వీసాతోనే ఇక్కడికొచ్చింది. ఇక్కడ దొరికిన అల్లుడి పేరు గ్రాహం. జింజ్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఈత నేర్పేవాడు. మేం ఇక్కడికొస్తే కూలోళ్ళం, వాళ్ళొస్తే ఎక్స్‌పాట్లు. ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే. వాళ్ళు దాని కోసం కుర్చీ వేసుకుంటారు, మేం ఓవర్‌టైం వేసుకుంటాం.

సరితకు అయిదో నెల వచ్చాక ఆ బడి మూతపడింది. దాంతో గ్రాహం వీసా కూడా మూతపడింది. తెల్లోడికీ ఒక కఫీల్ ఉంటాడని నాకప్పుడే తెలిసింది. కొంచెం సంతోషం కూడా వేసింది.

శుక్రవారం ఇద్దరూ గుదైబియాలో నా గదికి వచ్చారు. గ్రాహంకు మన భాష రాదు. పుట్టింది ఇక్కడే కాబట్టి అరబ్బీ వచ్చు, హిందీ కాస్త వచ్చు. మంచం మీద కూర్చుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇంకేంది, లండన్ పోండ్రి. బిడ్డ ఆడనే పుడతది," అన్నాను.

"నన్ను రానియ్యరు బాపూ," అంది సరిత.

"ఆయన పెండ్లానివి గద."

"పెండ్లాన్ని తోలుకపోవాల్నంటే ఆయనకు ఇంత జీతమని ఉండాలె. కొలువే లేకపాయె. ఊకె చూసొస్తనని విజిట్ వీసా అడిగిన. పోతే మల్ల రాననుకున్నరేమో, ఇయ్యలే."

రెండు వందల ఏళ్ళు మన దేశంలో కూర్చున్నవాళ్ళు ఏ జీతం చూపించి వచ్చారో అడగాలనిపించింది. అడగడానికి అక్కడున్న తెల్లోడు ఒక్కడే, వాడికీ కొలువు లేదు.

"సరే, ఈడనే కను. తెల్లోని బిడ్డకు తెల్లోళ్ళ పాస్‌పోర్టే వస్తది."

"రాదు. ఈయన ఇంగ్లండ్ బయట పుట్టిండు. వాళ్ళ నాయిన వల్ల ఈయనకు వచ్చింది. ఈయన వల్ల బయట పుట్టిన బిడ్డకు అట్ల రాదట. ఈయన ఆడ మూడేండ్లు ఉన్నా అడగొచ్చునంట. ఈయన రెండేండ్లు సదువుకోని వచ్చేసిండు."

మూడో ఏడు కూడా చదివి ఉంటే ఏం పోయేదో. అల్లుడి వంక చూశాను. వాడు నవ్వాడు. వాళ్ళకు అర్థం కానప్పుడు నవ్వడం అలవాటు.

"అయితే ఒక్కన్నే పొమ్మను," అన్నాను. "కొలువు వట్టి, ఎనుకకెళ్ళి నిన్నూ బిడ్డనూ పిలిపించుకోమను. నేను రాలేదా ఒక్కన్ని?"

"వచ్చినవ్. అవ్వను ఎప్పుడు పిలిపించుకున్నవ్?"

చాయ్ పొంగుతుంటే దించాను.

"బిడ్డకు పాస్‌పోర్టు కావాల్నా, నాయిన కావాల్నా, చెప్పు బాపూ."

"పాస్‌పోర్టు."

ఏమన్నాడని గ్రాహం అడిగాడు. సరిత చెప్పలేదు. చాయ్ తాగకుండానే వెళ్ళిపోయారు.

వాడు పోలేదు. రెసిడెన్సు రద్దయ్యాక విజిట్ వీసా మీద ఉన్నాడు. పుట్టిన దేశంలో చుట్టపుచూపుగా ఉండటం గొప్పోళ్ళకే చెల్లింది. ఆడపిల్ల పుట్టింది. కాన్పు గది బయట వాడు ఏడుస్తుంటే నర్సులు నీళ్ళిచ్చారు. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విడిపించుకున్నాను.

తర్వాత పిల్లకు మన పాస్‌పోర్టు కోసం ఇండియా ఎంబసీకి వెళ్ళాం. లేబర్ క్యాంపుల మనుషుల మధ్య టోకెన్ పట్టుకుని, ఒళ్ళో బిడ్డనేసుకుని కూర్చున్నాడు నా బ్రిటిష్ అల్లుడు. పిల్లకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. కౌంటరు మనిషి వాడి మొహం, పాస్‌పోర్టు చూసి నన్ను అడిగాడు.

"తండ్రి బ్రిటిష్ గదండీ, ఇక్కడికెందుకు వచ్చారు?"

"అక్కడ తండ్రి చాలడంట," అన్నాను.

విజిట్ వీసా మీద పని చేయకూడదు. దాన్ని ఎల్లకాలం పొడిగించరు కూడా. సరిత కరీంనగర్‌లో ఆస్పత్రి కొలువు చూసుకుంది. మన మనిషిని పెళ్ళాడినవాడికి మన ప్రభుత్వం వీసా ఇచ్చింది, జీతం అడగలేదు. ఇంగ్లండ్ అల్లుడు ఇల్లరికం పోతున్నాడని యార్డులో నాతో పనిచేసే భూమేష్ అందరికీ చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. లండన్ అని ఊరంతా చెప్పుకున్నది నేనే కదా.

ముగ్గురూ మా ఊరికి చేరిన రోజు సరిత వీడియో కాల్ చేసింది. వాకిట్లో గ్రాహం బిడ్డను భుజాన వేసుకుని నిలబడ్డాడు. పక్కింటి నరసాయమ్మ వాణ్ణి కిందికీ మీదికీ చూసింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మల్లెప్పుడు పోతవ్?"

ఏ అరబ్బు దేశమైనా మా ఊళ్ళో దుబాయే; దుబాయి నుంచి దిగినవాణ్ణి అడిగేది ఇదే. నేను వెళ్ళిన ప్రతిసారీ అడిగారు. ప్రతిసారీ నా దగ్గర తేదీ ఉండేది. వెనక నిలబడి పోచవ్వ వినేది.

గ్రాహంకు అర్థం కాలేదు. నవ్వాడు.

"పోడు పెద్దమ్మా," అంది సరిత.

నరసాయమ్మ నమ్మలేదు. ఫోనులో ఉన్న నా వైపు తిరిగింది.

"ఏంది లచ్చన్నా, నిజమేనా? పోడా?"

"పోడు," అన్నాను. డ్యూటీ బస్సు వచ్చిందని చెప్పి ఫోను పెట్టేశాను. బస్సు రావడానికి ఇంకా చాలాసేపుంది.