వెంట్రుకవాసి

మేస్త్రి సిలిండర్ బ్లాకును బోరింగు మిషను బల్ల మీద పెట్టి, నాలుగు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తున్నాడు. ఒక్క ఊపున బిగిస్తే బ్లాకు వంకరపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఈ లేతు షాపులో ఆయన పని ఇదే. సిలిండర్ లోపలి గోడను వేలితో తడిమి, ఎంత అరిగిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేసేవాడు. అందుకే మెకానిక్కులు ఆయన్ని వెంట్రుక మేస్త్రి అనేవారు.

ఎదురుగా స్టూలు మీద బండి యజమాని, రిటైరైన బస్సు డ్రైవరు, కొత్త పిస్టన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనది పాతికేళ్ళనాటి క్రూయిజర్ మోటారుసైకిలు. ఆగిపోతే తోయడానికి ఇద్దరు కావాలి.

"మా మరదలు మంచాన పడింది మేస్త్రీ. చూడ్డానికి మా ఆవిడతో వెళ్ళాలి, వాళ్ళ ఇల్లేమో ఎత్తు మీద. ఇద్దరం ఎక్కితే బండి సగంలోనే ఆయాసపడుతుంది. ఇదివరకు మా ఆవిడ దిగి నడిచేది. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి."

"సిలిండర్ లోపలి వెడల్పు మూడు మిల్లీమీటర్లు పెంచితే ఇంజిను ముప్పై సీసీ పెరుగుతుంది. ఎక్కుతుంది," అన్నాడు మేస్త్రి. "కానీ ఈ బ్లాకుకి ఇదే ఆఖరు. గోడ పల్చబడింది, లోపల ఇంకో స్లీవు తొడుగు పట్టదు. ఇలాంటి బ్లాకు ఇప్పుడు దొరకదు కూడా."

"మీ చేతిలో పడ్డాక నాకేం బెంగ?"

మధ్యాహ్నానికి కోత అయింది. ఇక రాయితో నునుపు పట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చేది అక్కడే.

ఏడాదిగా మేస్త్రి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఎవరికీ చెప్పలేదు. షాపు యజమాని అటు తిరిగినప్పుడు సొరుగులోంచి గేజి తీసి కొలుచుకునేవాడు. ఇప్పుడూ సొరుగు మీద చెయ్యి వేశాడు.

"గేజి మీకెందుకు మేస్త్రీ?" డ్రైవరు నవ్వాడు. "మీ వేలి గురించి మా డిపోలో కథలు చెప్పుకునేవాళ్ళం."

మేస్త్రి సొరుగు తెరవలేదు. రాయి నాలుగుసార్లు తిప్పి వేలు పెట్టాడు. ఏమీ తెలియలేదు. ఇంకా గరుకుందేమోనని మరో నాలుగుసార్లు తిప్పాడు. మళ్ళీ నాలుగు.

నూనె రాసిన పిస్టన్‌ను సిలిండర్‌లోకి పైనుంచి వదిలితే, ఇష్టం లేనట్టు మెల్లగా దిగాలి. ఇది టక్కున జారి బల్లకి తగిలింది.

డ్రైవరు జీవితమంతా ఇంజిన్ల మధ్య గడిపినవాడు. ఆ చప్పుడుకే స్టూలు మీంచి లేచాడు.

"లూజయింది," అన్నాడు మేస్త్రి. "తప్పు నాదే. నా వేళ్ళకి స్పర్శ లేదు. ఏడాదయింది."

డ్రైవరు ఖాళీ డబ్బాకి మూత పెట్టాడు. "పోనీలెండి. మా ఆవిడకి నేను చెప్పుకుంటాను."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

చేతులు కడుక్కుని, రేపట్నుంచి రానని షాపు యజమానితో చెప్పాడు. "ఒంట్లో బాలేదా? రెండ్రోజులు పడుకోండి," అన్నాడాయన తలెత్తకుండానే.

ఇంట్లో భార్య కూర తరుగుతోంది. "ఇంత పెందలాడే వచ్చారేం?"

"పని అయిపోయింది."

ఆమె కత్తిపీట పక్కకి జరిపి ఆయన మొహంలోకి చూసింది.

పదిరోజుల తర్వాత, మిషను వెనక మేకుకి వేలాడుతున్న మేస్త్రి పనిచొక్కాని షాపు యజమాని ఉతికించి పంపుదామని తీశాడు. పైనుంచి కిందిదాకా బొత్తాలన్నీ పెట్టే ఉన్నాయి. బొత్తాలు విప్పకుండా తల మీంచే తొడిగీ తీసీ, మెడ దగ్గర కుట్లన్నీ తెగి వదులుగా సాగిపోయింది.