మూతకు కట్టిన తీగ

"చెయ్యి పెట్టకే, వసపిట్ట లాగేస్తుంది!"

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో కొత్తవాళ్లకు ముందుగా చెప్పే మాట ఇదే. వసపిట్ట అక్కడ పనిచేసిన అమ్మాయి. నోరు మూతపడదని ఆ పేరు పెట్టారు. నిరుడు నీళ్లు పిండే యంత్రంలో చెయ్యి చిక్కుకుని చనిపోయింది. దయ్యమై అందులోనే ఉందని అందరి నమ్మకం.

ఆ నమ్మకానికి నీళ్లు పోసి పెంచింది మెకానిక్. తిరిగే డ్రమ్ము ఆగేదాకా మూత తెరుచుకోకుండా యంత్రానికి ఒక గొళ్లెం ఉంటుంది. అంతసేపు కాచుకుంటే పని సాగడం లేదని యజమాని సణిగితే, గొళ్లెం పడకుండా తీగతో కట్టేసింది అతనే. వసపిట్ట పోయాక ఎవరో దయ్యమన్నారు. "నాకూ కనిపించింది" అన్నాడు మెకానిక్. దయ్యాన్ని నిలదీసేవాళ్లు ఎవరుంటారు? తీగ తీస్తే ఎందుకు తీశావంటారని దాన్నీ అలాగే ఉంచాడు. అప్పటినుంచి తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు.

మొన్న అదే యంత్రంలో మరో అమ్మాయి వేళ్లు నలిగాయి. ఆమె కట్టుతో పనికి వచ్చిన రోజే వసపిట్ట తల్లి కూడా వచ్చి, ఆమె రెండో చెయ్యి పట్టుకుంది.

"మా పిల్లను క్షమించమ్మా. బతికుండగా చీమకైనా హాని చెయ్యలేదు. చచ్చాక ఎందుకిలా అయిందో!"

"ఊరుకోండి పిన్నిగారూ, మీరేం చేస్తారు?"

ఆ తల్లి మెకానిక్ వైపు తిరిగింది. "బాబూ, అది నీకు కనిపిస్తుందటగా. ఈసారి కనిపిస్తే చెప్పు నాయనా. వీళ్లందర్నీ వదిలెయ్యమను. పట్టుకుంటే నన్ను పట్టుకోమను."

ఆ అమ్మాయిని ఒకసారి చంపింది చాలక, రోజూ చంపుతున్నానని అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. యంత్రం దగ్గరికి వెళ్లి, పటకారుతో తీగ తెంపి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ అమ్మాయి ఎవర్నీ లాగలేదమ్మా. ఈ తీగ వల్లే డ్రమ్ము ఆగకముందే మూత తెరుచుకుంది. కట్టింది నేను. కనిపించిందని అబద్ధం చెప్పిందీ నేనే."

తల్లి తీగవంక చూసింది.

"దయ్యమైందని భయపడి, దాని ఫొటో గోడవైపు తిప్పి పెట్టాను కదరా!" అని బావురుమంది.

చనిపోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పలేరు. అందుకే, ఎక్కడైనా దయ్యం ఉందని విన్నప్పుడు, దాని చాటున ఏ బతికున్నవాడు దాక్కున్నాడో చూడండి.