అన్నయ్య పేరు మీద కొన్న ఇంపాక్ట్ గన్

శనివారం ఇనుము కొని ఇంటికి తేకూడదని మా ఇళ్లల్లో పాకే పిల్లకి కూడా తెలుసు. చౌక్తడా పేటలో ప్లీడరు గుమాస్తాని నేను. వారమంతా ఊపిరాడదు. ఆదివారం నాకు సెలవైతే పనిముట్ల కొట్టుకీ సెలవే. మిగిలింది ఒంటిపూట పనుండే శనివారం. శనిదేవుడూ మా ప్లీడరూ కూడబలుక్కుని పెట్టిన తిప్పలివి.

రెండు నెలలుగా ఇంపాక్ట్ గన్ కోసం తిరుగుతున్నాను. అంటే కారు చక్రాల నట్లు టరటరమని బిగించే మర. చేతిలో పానా ఉండగా మర దేనికంటే, నా చేతిని నేను నమ్మను. సంగతి చెప్పేస్తాను. మీకు చెప్పడానికి నాకేం భయం లేదు, వదినకి చెప్పడానికే.

ఎనిమిది నెలల కిందట మా అన్నయ్య కూర్మనాథం కారుకి వెనక ఎడమ చక్రం మార్చింది నేనే. నాలుగు నట్లలో రెండు పానాతో బిగించాను. రెండు వేళ్లతో తిప్పి వదిలేశాను. తర్వాత బిగిద్దామనుకుని మరిచిపోయాను. మర్నాడు పెగూ రోడ్డు మీద చక్రం ఊడింది. అన్నయ్య పోయాడు. చూసినవాళ్లు టైరు పేలిందన్నారు. నేను ఊ అన్నాను.

ఊ అన్న పాపం అక్కడితో ఆగలేదు. ఆ టైరు అన్నయ్య బేరమాడి తెచ్చిన పాత సరుకు. అందుకని తాయారు వదిన రోజూ ఆయన ఫోటోకి దీపం పెట్టి మరీ తిడుతుంది. "పిసినిగొట్టు సచ్చినోడా, కొత్త టైరు కొంటే నీ సొమ్మేటి పోయింది?" మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ప్రతి తిట్టూ నా చెవిన పడుతుంది. తప్పు చేసినవాణ్ణి నేను, తిట్లు తినేది చచ్చినవాడు. ఇంతకంటే సిగ్గుమాలిన బతుకుంటుందా?

ఆ కారుని బాగుచేయించి వదినే నడుపుతోంది. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న మా అహ్లోన్ పేట నుంచి బోటాటౌంగ్ హోటళ్లకి ఇడ్లీ పిండి వేసి పదింటికల్లా తిరిగొస్తుంది. కారు బాగోగులు చూసేది నేను. నట్టు బిగించి పదడుగులు వేస్తాను, మళ్లీ వెనక్కొచ్చి చూస్తాను. పొద్దున్నే తొమ్మిదిసార్లు చూసిన రోజులున్నాయి. మా ఆవిడ జయశ్రీ నాకు చాదస్తం పట్టిందని అందరికీ చెప్పుకుంటోంది.

బోటాటౌంగ్‌లో ఊ తిన్ అనే బర్మా ఆయన కొట్టుకెళ్లాను. కరెంటు వైరుతో నడిచేవి ఆయన అసలు బల్ల మీదే పెట్టలేదు. "కరెంటెప్పుడొస్తుందో తెలియని ఊళ్లో ఇవెందుకు? గాలితో నడిచేవాటికి కంప్రెసర్ కావాలి, దానికీ కరెంటే కదా," అన్నాడు. మిగిలినవి బ్యాటరీవి. ఒకటి కొత్తది, తళతళలాడుతోంది, ముక్కు దగ్గర ప్లాస్టిక్. ఆర్నెల్లు పోతే లోపలి సుత్తి అరిగిపోయి చప్పుడే మిగుల్తుందట. రెండోది జపాన్ నుంచి వచ్చిన పాతది. ముక్కంతా లోహం. ఊ తిన్ దాన్ని నడుమెత్తు నుంచి సిమెంటు మీద పడేశాడు. నా గుండె జారింది గానీ దానికి గీత కూడా పడలేదు.

"ఇది మీ తర్వాత కూడా పనిచేస్తుంది," అన్నాడు.

బేరమాడకుండా తీసుకున్నాను. టైరు బేరం సంగతి రోజూ వింటున్నవాణ్ణి.

గ్యారంటీ కార్డు తీసి ఎవరి పేరు రాయాలన్నాడు. అప్పుడు శనివారం గుర్తొచ్చింది. బతికున్నవాడి పేరు మీద ఇవాళ ఇనుమెలా కొనడం? చచ్చినవాణ్ణి శని ఏం చేస్తాడు? నా తెలివికి నేనే మురిసిపోయి, "కూర్మనాథం" అన్నాను. ఫోను నంబరడిగితే ఆ ఊపులో అన్నయ్య నంబరే చెప్పేశాను. ఆ ఫోను ఇప్పుడు వదిన దగ్గరుంది. అన్నయ్యకింకా సంవత్సరీకం కూడా కాలేదు. పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉంటాడని నాకు తట్టలేదు.

ఆదివారం నాలుగు చక్రాలూ బిగించాను. నట్లు రాళ్లలా కూర్చున్నాయి. ఎనిమిది నెలల్లో మొదటిసారి వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి నడిచాను.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి జయశ్రీ మూతి ముడుచుకుని ఉంది.

"మద్దినేల ఇంటికొచ్చి సెప్పా పెట్టకుండా ఎలిపోనారేటండీ? పెరట్లో ఒకటే గన్ను సప్పుడు. గుమ్మంలో మజ్జిగెట్టినాను. తాగీసి గ్లాసు బోర్లించీసినారు. పలకరిస్తే నోరు పడిపోద్దేటి?"

నేను మధ్యాహ్నమంతా ప్లీడరు ఎదురుగానే ఉన్నాను. తాగిన గ్లాసు బోర్లించే అలవాటు మా ఇంట్లో ఒక్క అన్నయ్యకే ఉండేది.

పెరట్లోకి పరిగెత్తాను. పొద్దున్న నిండుగా ఉన్న బ్యాటరీ సగానికి దిగింది. గన్ ముక్కు ఇంకా వెచ్చగా ఉంది. మూడు చక్రాలు బాగానే ఉన్నాయి. వెనక ఎడమ చక్రానికి రెండు నట్లు వేళ్లతో తిరిగాయి. ఏ రెండో చెప్పక్కర్లేదు.

మళ్లీ బిగించాను. మంగళవారం సాయంత్రానికి మళ్లీ వదులు. బుధవారం బ్యాటరీ ఊడదీసి సంచిలో వేసుకుని ఆఫీసుకి పట్టుకుపోయాను. బ్యాటరీ నా దగ్గరే ఉంది, పెరట్లో గన్ మాత్రం టరటరమని మోగిందని జయశ్రీ చెప్పింది. నట్లు వదులు. ఒక్కసారి నేను చూడడం మరిచిపోతే వదిన అదే చక్రం మీద వెళ్లిపోతుంది. ఒక మనిషిని చంపినవాడికి మరిచిపోవడం ఎంత తేలికో తెలుసు.

మళ్లీ శనివారం మధ్యాహ్నం, నేను కారు పక్కనే ఉండగా వదిన ఫోను పట్టుకుని వచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"కోటీ, ఊ తిన్ అంట, కొట్టు నుంచి ఫోన్ సేసినాడు. మీ ఆయన నిన్న వచ్చినారు, కార్డు ఇక్కడ మరిసిపోనారు, పట్టుకెళ్లమను అంటన్నాడు."

"ఎవరినో చూసి..."

"పేరు సెప్పినాడు. మోసేతుల దాకా గ్రీజంట. కుర్సీ ఏస్తే కూకోలేదంట. గన్నులో లోపం లేదు, రెండు నట్లు నిలబడ్డం లేదు, బిగించినోణ్ణే అడగాల, అనీసి ఎలిపోనారంట." వదిన నా కళ్లలోకి చూసింది. "బిగించినోడెవలు కోటీ?"

కార్డు నా చొక్కా జేబులో ఉండాలి. తడుముకున్నాను. లేదు.

చెప్పేశాను. నట్ల సంగతి, టైరు పేలలేదన్న సంగతి, ఊ అని ఊరుకున్న సంగతి. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. వదిన కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎనిమిది నెల్లు," అంది. "ఎనిమిది నెల్లు దీపమెట్టి మరీ తిట్టినాను."

ఇంకో మాటడిగింది.

"నాలుగూ నీ సేతిలోనే ఉన్నాయి కదా. ఆ రెండూ ఎందుకొగ్గీసినావు?"

ఎందుకంటే, రెండో నట్టు బిగిస్తుండగా వదిన గుమ్మంలోంచి కేకేసింది. టీ చల్లారిపోతోందంది. రెండుసార్లు పిలిచింది. మూడోసారి కసురుకుంది. "ముందు పదరా, లేకపోతే మీ వదిన ఊరుకోదు," అని అన్నయ్యే నా చేతిలోంచి పానా లాక్కుని కింద పెట్టాడు. టీ తాగేసరికి వాన పట్టుకుంది. ఇదంతా వదినకి గుర్తులేదు. నేను ఒక్క ముక్క అంటే చాలు, చచ్చేదాకా మరిచిపోదు.

మెడ వెనక ఎవరో ఊపిరి పీల్చి బిగబట్టినట్టయింది. నేను తిరిగి చూడలేదు.

"బద్దకం వదినా," అన్నాను.

చెంప మీద కొట్టింది. నాలుగు వేళ్లూ తేలేలా కొట్టింది. తిరిగి తన ఇంట్లోకి వెళ్లిపోయింది. గోడవతల దీపం పెట్టిన అలికిడైంది గానీ తిట్టు వినబడలేదు. నాతో మాత్రం ఇవాళ్టిదాకా మాట్లాడలేదు. ఇక మాట్లాడుతుందన్న ఆశ కూడా నాకు లేదు.

గన్ పెట్టెలో పెట్టి తాళం వేశాను. వదులుగానే ఉన్న ఆ రెండు నట్లూ నేను ముట్టుకోలేదు, చేతులాడలేదు. సోమవారం పొద్దున్న వదిన పిండి డబ్బాలు కారెక్కిస్తుండగా వెళ్లి పానా తగిలించి నా బలమంతా పెట్టి లాగాను. ఒకటి కదల్లేదు. రెండోదీ కదల్లేదు. నా అబద్ధానికి అన్నయ్య ఒప్పుకున్నాడని అర్థమైంది. లేచి పక్కకి తప్పుకున్నాను. వదిన నా ముఖం చూడకుండానే కారు తీసింది.