గిట్టని ఏడు బావులు

జవేరియా కళ్లముందే అజ్మత్ మెడలోని ఆఫీసు కార్డును కృష్ణమూర్తి లాగేసుకున్నాడు. పెర్త్‌లో ఒక గ్యాసు కంపెనీకి, ఏ బావిలో ఎంత గ్యాసు వస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు కట్టే మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టరు ఆయన. వాళ్ల వీసాలన్నీ ఆయన స్పాన్సర్ చేసినవే.

అజ్మత్ చేసిన తప్పు ఒక్కటే. పన్నెండు పరీక్ష బావుల్లో ఏడింటిలో నెల తిరక్కుండానే గ్యాసు పడిపోయింది. ఆ ఏడింటినీ మోడల్‌లోంచి తీసెయ్యమంటే తియ్యనన్నాడు. అవి ఉంటే అక్కడ గ్యాసు తవ్వకం గిట్టుబాటు కాదు. తీసేస్తే అవుతుంది. అప్పుడు నలభైమంది రైతుల నీటి బోర్ల పక్కనే డ్రిల్లింగు మొదలవుతుంది.

సాయంత్రానికి మోడల్‌లోంచి ఏడు బావులూ మాయమయ్యాయి. ఇక తనిఖీ సంతకం మిగిలింది. అది జవేరియా వంతు. సోమవారం పెట్టమన్నాడు కృష్ణమూర్తి.

శనివారం పియారా వాటర్స్ పార్కులో బార్బీ పొయ్యి దగ్గర అజ్మత్‌తో కలిపి ఐదుగురు చేరారు. మోడల్‌ని ముక్కలు చేసి తలో ముక్కా ఇవ్వడం ఆఫీసులో పద్ధతి. నా ముక్క సరిగ్గానే ఉంది కదా అని రెండేళ్లుగా ఎవరికి వాళ్లు సంతకాలు పెడుతూనే వచ్చారు. మొత్తం ఒకచోట పెట్టి చూసుకోవడం అదే మొదలు. ఏ ముక్కకి ఆ ముక్క సరే, కలిపితే మాత్రం అబద్ధం.

ముఖం తెలియని రైతుల కోసం వీసాలు పోగొట్టుకుంటామా అని ఉదయలక్ష్మి నిలదీసింది. ఆమెకిద్దరు పిల్లలు.

"అజ్మత్‌ని గెంటేస్తుంటే స్క్రీన్లు చూస్తూ కూచున్నాం," అన్నాడు కాషిఫ్. "రేపు నిన్ను గెంటినా అలాగే చూస్తాం ఉదయక్కా. ప్రాక్టీసు బాగా అయింది."

వాదనలో చికెన్ మాడిపోయింది. చివరికి జవేరియా కాషిఫ్ వైపు తిరిగి అలసిన గొంతుతో అంది:

"నేను సంతకం పెట్టనంటే అక్క దగ్గరికి పోతాడు. అక్క కాదంటే నీ దగ్గరికి. చివరికి మిగిలినవాళ్లు పెట్టేస్తారు. ఆ చివరివాళ్లంటూ ఉండకూడదు."

సోమవారం కృష్ణమూర్తి జవేరియాని గదిలోకి పిలిచాడు. నలుగురూ వెళ్లారు.

"నేను పిలిచింది ఒక్కరినే."

"విన్నాం అంకుల్," అంది ఉదయలక్ష్మి. "పన్నెండు బావుల మోడల్‌కి నలుగురం సంతకం చేశాం. పొద్దున్నే ఈ ఫ్లోర్‌లో పనిచేసే అందరికీ పంపేశాం."

నలుగురి వీసాలూ క్యాన్సిల్ చేయిస్తానని ఆయన అరిచాడు. అరుస్తూనే గది అద్దాల గోడలోంచి బయట సీట్లవైపు చూశాడు. ఒక వరుసలో వాళ్లు లేచి నిలబడ్డారు. తర్వాత దాని వెనక వరుస. ఆయన గొంతు తగ్గింది.

"కూర్చోండమ్మా, మాట్లాడుకుందాం."

జవేరియా కూర్చోలేదు. ఎవరూ కూర్చోలేదు.