మోకాళ్ళ పలక

ఓబదయ్యకి రియాద్‌లో రెండే రెండు ఇష్టాలు. ఒకటి శుక్రవారం. రెండోది ఎదుటివాళ్ళని ఆటపట్టించడం.

శుక్రవారం ఎందుకంటే, పెళ్ళాం ప్రేమజ్యోతి కనబడేది ఆ ఒక్కరోజే. ఆవిడ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, గర్భిణుల ఓపీలో డ్యూటీ. ఉండేది నర్సుల క్వార్టర్స్‌లో, అక్కడికి మగ దోమని కూడా రానివ్వరు. ఈయనుండేది ఊరి చివర మంజరాలో. చెక్కపని షెడ్డుని అక్కడ అలాగే అంటారు. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ బతా బజారులో కలుస్తారు. ఆంధ్రా మెస్సులో చేపల పులుసుతో అన్నం తింటారు. ఆవిడ ఆరు రోజుల తిట్లూ వరసగా తిట్టేస్తుంది, ఈయన ఆరు రోజుల వెక్కిరింతలూ వెక్కిరించేస్తాడు. వారానికి సరిపడా సంసారం ఆ నాలుగు గంటల్లో అయిపోతుంది. ఇద్దరికీ అది చాలు.

ఇప్పుడు ఆ శుక్రవారాలకే ఎసరొచ్చింది.

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ అబూ నాసిర్ మంచివాడే. పొట్టిగా, గుండ్రంగా, నీళ్ళ డ్రమ్ముకి తెల్ల తోబు తొడిగినట్టుంటాడు. కానీ పరదేశి తలకింతని నెలనెలా లెవీ కట్టలేక ఆయన సగమయ్యాడు. పైగా నితాకత్, సౌదీవాళ్ళని ఎంతమందిని పెట్టుకున్నారో చూసి షాపులకి రంగులేసే లెక్క. షాపు పసుపులో ఉంది, ఇంకొక్క మెట్టు జారితే ఎరుపు. ఎరుపైతే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, ఎవరిదీ రెన్యూ కాదు. ఓబదయ్య ఇకామా ఇంకో నెలలో అయిపోతుంది. కఫీల్ ఉన్నమాట చెప్పేశాడు: "ఆస్పత్రి బల్లలు వాళ్ళకి నచ్చి, ఇంకో ఆర్డరిస్తే నిన్ను ఉంచుతాను. లేకపోతే ఖురూజ్." అంటే ఫైనల్ ఎగ్జిట్.

ఆ ఆర్డరు కూడా ప్రేమజ్యోతి నోటిమాట మీద వచ్చిందే. వెయిటింగ్ హాలుకి ఎనిమిది పొడుగు బల్లలు కావాలంటే, "మా ఆయన చేస్తాడు సార్, బ్రహ్మాండంగా చేస్తాడు" అని కొనుగోళ్ళు చూసే కాషిఫ్ గారికి ఆవిడే చెప్పింది. మొగుడితో మాత్రం ఆ ముక్క ఒక్కనాడూ అనలేదు.

ఓబదయ్యకి కాగితం మీద గీసిన డ్రాయింగ్ అర్థం కాదు. అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడు మళ్ళీ ఆ వైపు చూడలేదు. ఆయనకున్నదల్లా తాత చెంచయ్య ఇచ్చిన కొలత కర్ర. ఛాతీ ఎత్తు టేకు కర్ర, దాని మీద గాట్లు. ఈ గాటు కూర్చునే ఎత్తు, ఈ గాటు వీపు వాలు, ఇది వెనక అర, ఇది అడుగు. కర్ర ఆనించి గీత గీయడం, కొయ్యడం. బుర్రకి పని లేదు.

ఆ కర్ర పుట్టింది గోదావరి పక్కన వాళ్ళ ఊరి గుడిలో. ఊళ్ళో దాన్ని దొర గుడి అంటారు. కట్టించిన ఇంగ్లీషు దొరకి తన ఊరంటే బెంగట. అక్కడి పాత గుడి ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే ఇక్కడా దింపించాడు. కొస తేలిన కమాన్లు, తిరగేసిన పడవలాంటి చెక్క కప్పు, ఎనిమిది పలకల రాతి బాప్తిస్మపు తొట్టి, రెక్కలు చాచి బైబిల్ మోసే చెక్క గద్ద, మెట్లెక్కి ప్రసంగం చెప్పే పుల్పిట్. బల్లలు మాత్రం చెంచయ్య చేశాడు. ప్రతి బల్ల కొసకీ ఆకులు విప్పుకున్న మొగ్గ. వీపు చెక్కకి వెనక, పాటల పుస్తకం పెట్టుకోడానికి అర. దాని కింద, నేలకి జానెడు ఎత్తున, వెనక వరసవాళ్ళు మోకరించడానికి పలక. చెంచయ్య ఆఖర్న ఒక బల్ల అడుగున, ఎవరూ చూడని చోట, నోరు తెరిచి నిద్రపోతున్న పాదిరిగారి మొహం చెక్కాడు. నేల కడిగే బ్రష్షుతో కిందికి దూరిన, గుడి ఊడ్చే రత్తమ్మ చూసేదాకా పదేళ్ళు ఎవరికీ తెలీలేదు. ఓబదయ్యకి చెక్కపనితో పాటు ఆ జబ్బు కూడా తాత నుంచే వచ్చింది.

మంజరా ఫోర్‌మన్ మహబూబ్ బాషాది కడప. మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్ళి వారం తర్వాత, గురువారం పొద్దున తిరిగొచ్చాడు. వస్తూనే ఖర్జూరం పొట్లం చేతిలో పట్టుకుని గుమ్మంలో కొయ్యలా నిలబడిపోయాడు. ఎనిమిది బల్లలూ నాలుగేసి చొప్పున రెండు వరసల్లో, నడుమ దారితో, వార్నిష్ మెరుస్తూ ఉన్నాయి.

"ఏందప్పా ఇది?"

"బల్లలు బాషా భాయ్. ఎలా ఉన్నాయి?"

"ఓబయ్యా, నేను మా ఊర్లో మిషన్ బడిలో సదువుకున్యా. లెక్కలు రాకపోతే ఫాదరు ఇట్లాంటి పలక మీదనే నన్ను మోకాళ్ళేయించినాడు. ఇప్పటికీ గుర్తుండాది నా మోకాలికి. నువ్వు ఆస్పత్రికి బల్ల జేస్తివా, చర్చికి జేస్తివా?"

ఓబదయ్య బల్లల వైపు చూశాడు. కర్ర వైపు చూశాడు. అడుగు గాటు, అర గాటు, ఒక్కటీ వదలకుండా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మొగ్గలు కూడా విప్పుకుని నవ్వుతున్నాయి. జీవితంలో మొదటిసారి ఎవరో తననే ఆటపట్టించినట్టనిపించింది. అదీ తాత!

"కోసెయ్ సామీ ఆ పలకల్ని! మజ్జాన్నం వాళ్ళొస్తారు!"

"కొయ్యకూడదు భాయ్. రెండు కాళ్ళకీ కన్నం తొలిచి, పలక కుసి అందులోకి దిగ్గొట్టాను. పలక తీస్తే బల్ల ఊగుద్ది."

"అయితే నువ్వు ఊరికి పో, నేను నీ ఎనకాల్నే వస్తా."

ఓబదయ్య బయటికెళ్ళి ప్రేమజ్యోతికి ఫోన్ చేశాడు. సంగతి వినగానే ఆవిడ నవ్వు మొదలెట్టింది. ఆగలేదు.

"నవ్వకే. ఇకామా పోద్ది. శుక్రవారాలు పోతాయి."

నవ్వు ఠక్కున ఆగింది.

"ఏవండీ, ఎత్తు కూడా ఆ కర్రతోనే కొలిచారా?"

"మరి? దేనితో కొలుస్తాను, నీ జడతోనా?"

"వెటకారాలాపి వినండి. మీ తాత దొర కాళ్ళని బట్టి కొలిచాడు. మన గుళ్ళో మా అమ్మమ్మ కాళ్ళు ఏనాడైనా నేలకందాయా? ఆ పలక మీద పెట్టుకుని ప్రసంగం అయ్యేదాకా గుర్రుపెట్టేది. ఊరు ఊరంతా అంతే. మోకరించింది ఎంతమంది, కాళ్ళు పెట్టుకుంది ఎంతమంది?"

"అయితే?"

"మా ఓపీలో ఎనిమిదో నెల ఆడవాళ్ళు వాచిన కాళ్ళు వేలాడేసుకుని గంటలు గంటలు కూర్చుంటారు. నేను అట్టపెట్టెలు తెచ్చి కాళ్ళ కింద పెడుతున్నాను. ఆ పలకలు ముట్టుకున్నారంటే ఊరుకోను."

మధ్యాహ్నం కఫీల్, కాషిఫ్ గారు కలిసి వచ్చారు. కాషిఫ్‌ది హైదరాబాదు. వంగి, ఫైలు తిప్పి, మళ్ళీ వంగాడు.

"కింద ఈ పలక ఎందుకు పెట్టిన్రు భాయ్? స్పెసిఫికేషన్‌ల లేదు కదా."

ఓబదయ్య నాలుక చివర పది అబద్ధాలు వరసకట్టాయి. బాషా కళ్ళతోనే దణ్ణం పెడుతున్నాడు. ఎందుకో ఆ పూట అబద్ధం రుచించలేదు.

"చెప్తే అర్థం కాదు సార్. కఫీల్ గారిని కూర్చోమనండి."

బాషా అరబీలో చెప్పాడు. అబూ నాసిర్ రెండో వరసలో కూర్చున్నాడు. పొట్టి కాళ్ళు గాల్లో రెండుసార్లు ఊగి, వాటంతటవే ముందు బల్ల పలక మీద వాలాయి. చెప్పులు జారిపోయాయి. ఆయన వెనక్కి వాలి "వల్లాహ్" అన్నాడు. కాఫీ తెమ్మన్నాడు. వచ్చిన చిన్న గిన్నెని ముందున్న అర మీద పెట్టాడు. సరిగ్గా పట్టింది. రెండో గిన్నె తాగాడు. మూడోది కూడా అడిగాడు.

ప్రేమజ్యోతి మాటలే ఓబదయ్య కాషిఫ్‌కి అప్పజెప్పాడు: వాచిన కాళ్ళు, అట్టపెట్టెలు, ఫైళ్ళు పెట్టుకోడానికి అర. కాషిఫ్ తనూ కూర్చుని కాళ్ళు పెట్టి చూశాడు.

"కంఫర్టబుల్ ఉంది. ఏం మోడల్ ఇది?"

"పాత ఇంగ్లీష్ మోడల్ సార్. చాలా పాతది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. బాషా మాత్రం దగ్గు వచ్చినట్టు బయటికి పరిగెత్తాడు.

"ఇంగ్లీష్ మోడలా? మస్తుంది," అన్నాడు కాషిఫ్. "పిల్లల ఓపీకి ఇంకో పన్నెండు చేయుండ్రి. గవి జర పొట్టిగ చేయుండ్రి."

కఫీల్‌ని బల్ల మీంచి లేపడానికే ఇంకో అరగంట పట్టింది. లేచి, చెప్పులు వెతుక్కుంటూ, ఓబదయ్య ఇకామా కాగితాలు శనివారం ఇమ్మని బాషాకి చెప్పాడు.

మూడు వారాల తర్వాత శుక్రవారం, బతాలో మెస్సు. ప్రేమజ్యోతి పులుసు వడ్డించుకోకుండా మొగుణ్ణే చూస్తోంది.

"ఓపీలో పెన్ను పడితే వంగానండీ. మూడో బల్ల కింద ఆ మొహం ఎవరిది?"

"ఏ మొహం?"

"నోరంతా తెరిచి అరుస్తున్న ఆడమనిషి. నెత్తిన నర్సు టోపీ."

"ఏమో. మా తాత కర్ర మీద ఆ గాటు కూడా ఉందేమో."

ఆవిడ గరిటెత్తింది. ఓబదయ్య కంచం అడ్డం పెట్టుకున్నాడు. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూస్తుంటే, ఆవిడ అదే గరిటెతో పెద్ద చేప ముక్క తీసి ఆయన కంచంలో వేసింది.

"పన్నెండు బల్లల కింద ఇంకేమైనా చెక్కితే చూడండి."

"చూడ్డానికే కదే చెక్కేది," అన్నాడు ఓబదయ్య, ముల్లు తీసుకుంటూ.