పిడికిట్లో మట్టి

ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరు తోటికోడళ్లు మాట్లాడుకోకుండా రోజులు గడపాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఆ ఇంట్లో ఆ మనిషి చిన్నకోడలి కొడుకు, నాలుగేళ్లవాడు. అందరూ వాణ్ణి బుడంకాయ అంటారు.

"ఒరేయ్ బుడంకాయ్, మీ పెద్దమ్మకి చెప్పు. వాళ్ల బడి పిల్లలు మట్టి కాళ్లతో నా గుమ్మం తొక్కితే ఈసారి వాళ్ల చెప్పులు కిటికీలోంచి వీధిలో పడతాయని," అంది చిన్నకోడలు, వెనకగదిలో కుట్టుమిషను తొక్కుతూనే.

వాడు నడవా పొడుగునా పరిగెత్తి ముందుగదిలోకి వెళ్లాడు. కాసేపటికి రొప్పుతూ తిరిగొచ్చాడు.

"గుమ్మం నువ్వేమీ పుట్టింటినుంచి మోసుకురాలేదట."

"అలా అందా? అయితే చెప్పు, ఆవిడ నోరు మాత్రం పుట్టింటినుంచే తెచ్చుకుందని."

మళ్లీ పరుగు. దారిలో ఏం మరిచిపోయినా వాడు తిట్టు మాత్రం మరిచిపోడు. పరిగెత్తేటప్పుడు కుడిచెయ్యి చొక్కా కింద దాచుకుంటాడు.

ఆ చెయ్యి దగ్గరే వచ్చింది గొడవంతా. ముందుగదిలో పెద్దకోడలు చిన్నపిల్లల బడి నడుపుతుంది. వెనకగదిలో చిన్నకోడలు బట్టలు కుడుతుంది. ఒకరోజు చిన్నకోడలు జాకెట్లు ఇస్త్రీ చేస్తుంటే వీధిలోంచి ఎవరో పిలిచారు. "అక్కా, వీణ్ణి చూస్తుండు," అని బయటికి వెళ్లింది. వచ్చేసరికి వాడి అరచెయ్యి ఇస్త్రీపెట్టెకి అతుక్కుని ఉంది. పెట్టె ఆపకుండా వెళ్లింది చిన్నకోడలు. చూడాల్సింది పెద్దకోడలు. ఆ రోజు ఇద్దరూ అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అనేసుకున్నారు. ఆ తర్వాత ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు.

పుండు మానింది. కానీ మానిన చర్మం బిగుసుకుపోయి వేళ్లని లోపలికి లాగేసింది. చెయ్యి ఎప్పుడూ పిడికిలే. డాక్టరు చూసి, "వేళ్లు చాపించండి. రోజూ సాగదియ్యండి. వచ్చే నెలకి కూడా ఇలాగే ఉంటే కత్తి పెట్టాల్సిందే," అన్నాడు.

ఆ కత్తి మాట చిన్నకోడలి గుండెల్లో దిగబడిపోయింది. రోజూ పొద్దున్నే నూనె రాసి, వాణ్ణి ఒళ్లో పడేసుకుని, ఒక్కొక్క వేలే విప్పబోయేది. వాడు ఇంటి పైకప్పు లేచిపోయేలా ఏడ్చేవాడు. చివరికి నూనె సీసా చూస్తేనే మంచం కిందికి దూరడం మొదలుపెట్టాడు. ముందుగది పిల్లలు వాడికి పిడికిలిగాడని పేరు పెట్టారు. అది విన్నరోజు చిన్నకోడలు అన్నం ముట్టలేదు. అక్కడికి ఆడుకోవడానికి వెళ్తే కాళ్లు విరగ్గొడతానంది. తిట్లు మోయడానికి మాత్రం వెళ్లొచ్చు.

ఆ రోజు "నోరు పుట్టింటినుంచే" అన్న తిట్టు మోసుకెళ్లినవాడు తిరిగి రాలేదు.

జాకెట్టుకి ఒక చెయ్యి కుట్టడం అయిపోయింది, రెండోది కూడా అయిపోయింది, వాడు రాలేదు. చిన్నకోడలు కత్తెర విసిరికొట్టి లేచింది. ముందుగది గుమ్మం దగ్గర ఆగింది.

నేలమీద గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. పిల్లలందరూ మోచేతుల దాకా మట్టిలో ఉన్నారు. ఒకడు ముద్దని నేలకేసి కొడుతున్నాడు, చప్పుడు వచ్చినప్పుడల్లా పక్కవాడి మొహం చూసి నవ్వుతున్నాడు. రెండు జడల పిల్ల ముద్దలో వేలు గుచ్చి, తీసి, ఆ కన్నంలోకి కన్ను పెట్టి చూస్తోంది. ఇంకో పిల్ల మట్టిని చెంపకి ఆనించుకుని, "ఇది నిద్రపోతోంది, అరవకండి," అని అందరి మీదా తనే అరుస్తోంది.

మధ్యలో బుడంకాయ. వాడి ఎదురుగా పెద్దకోడలు. వాడి చెయ్యి ఆవిడ పట్టుకోలేదు. మెత్తటి మట్టిని వేలంత పాములా చేసి, వాడి పిడికిలి సందులో పెడుతోంది.

"ఈ పాముకి ఇల్లు లేదురా. నీ ఇంట్లో చోటుందా?"

"ఉంది. కొంచెమే ఉంది."

"అయితే తోస్తున్నా. ఇరుకైతే చెప్పు."

వాడు పిడికిలి బిగించాడు. మట్టి వేళ్ల సందుల్లోంచి జారుతూ బయటికొచ్చింది. వాడు పగలబడి నవ్వాడు. "పాము పారిపోతోంది! పెద్దమ్మా, పారిపోతోంది!" లోపల ఇంకా ఉందేమో చూద్దామని వేళ్లు విప్పాడు. వాడంతట వాడే. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు సగం.

చిన్నకోడలు ఆ వేళ్లని లెక్కపెట్టింది. తర్వాత ఒళ్లు మండింది. తన ఒళ్లో విప్పని చెయ్యి ఈవిడ ముందు విప్పుతాడా? విసవిసా వెళ్లి వాడి రెక్క పట్టుకుని లేవదీసింది. వాడు కాళ్లు తన్నుకుంటూ ఏడ్చాడు. పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

పెరట్లో కుళాయి కింద కడిగేసరికి పిడికిలి మళ్లీ బిగుసుకుపోయింది.

మర్నాడు బడి పిల్లలు ఇంకా రాకముందే చిన్నకోడలు ముందుగదిలోకి దొంగలా వెళ్లి తొట్టిలోంచి మట్టి తవ్వి తెచ్చుకుంది. కుళాయినీళ్లు పోసి కలిపి కొడుకు ముందు పెట్టింది. వాడి పిడికిట్లోకి తోసింది. వాడు కెవ్వున అరిచి చెయ్యి లాగేసుకున్నాడు.

"ఇది కొరుకుతోంది! పెద్దమ్మది కొరకదు!"

"మట్టి మట్టేరా!"

"కాదు, ఇది నీది," అని వాడు నడవాలోకి పరుగెత్తాడు. ఈసారి ఏ మాటా మోసుకుపోలేదు.

డాక్టరు చెప్పిన నెల దగ్గరికొస్తోంది. చిన్నకోడలు తన ముద్దని గిన్నెలో వేసుకుని, పళ్లు బిగించుకుని వెళ్లి ముందుగది గుమ్మంలో నిలబడింది. కొడుకు అప్పటికే గోనెపట్టా మీద చేరి, మోకాళ్ల మధ్య ముద్ద పెట్టుకుని రెండు చేతులతో గుద్దుతున్నాడు.

"బుడంకాయ్, మీ పెద్దమ్మని అడుగు, ఆ మట్టిలో ఏం కలుపుతుందో."

"మీ అమ్మకి చెప్పు బుడంకాయ్, దొంగతనానికి వచ్చినప్పుడే అడిగుంటే బాగుండేదని."

"అడుగు, దొంగతనం ఎవరిదని. నా బిడ్డ నవ్వు దొంగిలించింది ఎవరని."

వాడు తలెత్తలేదు. "నా చేతులు ఖాళీ లేవు. మీరే చెప్పుకోండి."

రెండు జడల పిల్ల కిసుక్కుమంది. పిల్లలందరూ మట్టి చేతులు గాల్లో పెట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు.

'అక్కా' అన్న మాట చిన్నకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఏం కలుపుతావ్?"

"ఏమీ కలపను. ఇటివ్వు." పెద్దకోడలు గిన్నె లాక్కుని ముద్ద విరిచింది. లోపల చిన్న చిన్న రాళ్లు. "అడుగునుంచి తవ్వావు. నేను బట్టలో వడగట్టి పైది తీస్తాను. ఎలాంటి నీళ్లు పోశావ్?"

"కుళాయివి."

"పుండుపడ్డ చేతికి పొద్దున్నే చన్నీళ్ల మట్టా! గోరువెచ్చగా ఉండాలి. నీ చేత్తో ముందు పిసికి చూసుకోవాలన్న బుద్ధి కూడా లేదా?"

"నీకుందా బుద్ధి? చూస్తుండమని చెప్పి వెళ్లాను ఆ రోజు!"

"వీపు తిప్పుకుని చెప్పావు. నేను విన్నానో లేదో చూశావా? కాలుతున్న పెట్టె వదిలేసి వెళ్లింది ఎవరు?"

"నేనే! నేనే వదిలేశాను! రోజూ ఆ చెయ్యి చూస్తూ నేనే తింటున్నాను అన్నం!"

పెద్దకోడలు తన ముందున్న మెత్తటి ముద్దలోంచి సగం తుంచి, పెట్టడం కాదు, దాదాపు విసిరింది ఆమె చేతుల్లోకి. "కూర్చో. పిసుకు."

చిన్నకోడలు పట్టా చివర కూర్చుంది. సూది గుచ్చుకున్న వేళ్లకి వెచ్చటి మట్టి మెత్తగా అంటుకుంది. పక్కన కొడుకు తన ముద్ద మీద అరచెయ్యి వేసి అదిమి, తీశాడు. అచ్చు పడింది. బొటనవేలు, మూడు వేళ్లు ఉన్నాయి. చిటికెనవేలు ఉండాల్సిన చోట చిన్న గుంట.

"రోజూ తీసుకొస్తాను. అంతమాత్రాన నిన్ను క్షమించాననుకోకు," అంది చిన్నకోడలు.

"నిన్నెవరు అడిగారు? వచ్చేటప్పుడు ఆ నూనె సీసా మాత్రం తేకు. చిటికెనవేలు నువ్వు లాగి లాగి పాడుచేశావు."

"నేను లాగలేదు."

"లాగావు. ఏడుపు ఇక్కడికి వినపడేది."

"లాగలేదన్నానా!"

ఈసారి మధ్యలో పరిగెత్తడానికి ఎవరూ లేరు. బుడంకాయ ఇంకో ముద్ద కోసం చెయ్యి చాచాడు.