జారుముడి

"కెజియమ్మా! వలకి చిల్లు పడిందండీ! ఒక్కటి తప్ప చేపలన్నీ పోయాయి!"

చెరువుగట్టు మీంచి, చేపలు పట్టే సుందరరావు వేసిన కేక వీధంతా వినబడింది. లాప్‌టాప్ ముందున్న కెజియా తలెత్తింది. గడియారంలో పదిన్నర.

ఆకివీడు దగ్గర ఆ ఇంట్లో కూర్చుని ఆవిడ చేసేది తాళాల పని. ఇనపవి కాదులెండి, కోడ్‌తో రాసేవి. సాఫ్ట్‌వేర్ వాళ్లెవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. ఆస్పత్రి కాగితాలు, మొగుడూపెళ్లాల కబుర్లు పరాయి కంట పడకుండా కాపాడతాయి. లైబ్రరీ అని పిలిచే ఆ కోడ్‌లో ఒక లైను చేరితే, అత్తగారు పుష్పమ్మ వలలో ఒక వరస ముడులు వాటంతటవే పడతాయి. కోడలు మెల్లగా రాస్తుందన్నదే పుష్పమ్మ బాధ.

మోకాళ్లదాకా బురదతో సుందరరావు వల తెచ్చాడు. "మొన్నటిదాకా చేపపిల్ల కూడా జారలేదండీ. ఇవాళ పెద్దపెద్ద బొచ్చె చేపలే పోయాయి."

"నిన్న ఏం రాశావమ్మాయ్?" అంది పుష్పమ్మ.

"నెట్‌లో ఎవరో కుర్రాడు రాసి పంపిన మార్పు కలిపానత్తయ్యా. మూణ్ణెల్లుగా 'అక్కా, కాస్త చూడండి' అని రోజూ అడుగుతున్నాడు. మొహమాటమేసింది."

"ఇద్దరు ఒప్పుకోవాలి కదా, రెండో మనిషెవరు?"

"తాడేపల్లిగూడెం హర్షవర్ధన్ గారు. కాలేజీలో పాఠాలు చెబుతారే, ఆయన. ఒప్పుకున్నారు."

"చూసి ఒప్పుకున్నాడా?"

కెజియా గడియారంకేసి చూసింది. పదకొండింటికి కొత్త వెర్షన్ దానంతటదే విడుదలైపోతుంది. తర్వాత ఎన్ని దేశాల్లో ఎన్ని కంప్యూటర్లలోకి వెళ్తుందో ఆవిడకే తెలీదు.

వలని నీళ్లలో దించేముందు ఇద్దరు చెరో కొసా పట్టి ఎండకెత్తి చూడడం అక్కడి అలవాటు. అత్తగారూ సుందరరావూ అలాగే ఎత్తారు. చిల్లు పక్కనున్న ముడిని పుష్పమ్మ గోటితో లాగింది. సర్రున జారిపోయింది.

"చూడ్డానికి ముడే. నిన్న పడ్డవాటిలో ఏడో వరస, చూడు."

కెజియా ఏడో లైను తీసింది. తాళంచెవి చేసే అంకెలు ఎవరి ఊహకీ అందకూడదు. ఆ తమ్ముడు వాటిని గడియారంలో టైము నుంచి పుట్టేలా మార్చాడు. టైము ఇంచుమించుగా తెలిస్తే చాలు, ఎవడైనా తాళం తీసేస్తాడు.

విడుదల ఆపాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఫోన్ చేసింది. హర్షవర్ధన్ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఇంతలో తెర మీద ఆ తమ్ముడి మెసేజి: "అక్కా, ఇంకా పది నిమిషాలే కదండీ!"

ఎక్కణ్ణుంచైనా చూస్తున్నాడేమోనని కెజియా గబుక్కున తలుపుకేసి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు.

పది యాభై ఆరుకి హర్షవర్ధన్ ఫోన్ ఎత్తాడు. "క్లాసులో ఉన్నానండీ."

"నిన్నటి మార్పు చదివే ఒప్పుకున్నారా?"

"మీరు చూసే ఉంటారని..."

"నేను మీరు చూస్తారనుకున్నాను. ఏడో లైను ఇప్పుడు చదవండి. నా మాట మీద కాదు, చదివి చెప్పండి."

అవతల ఆయన గొణుక్కుంటూ చదవడం వినబడింది. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

"బాబోయ్! ఆపెయ్యండి. నేనూ నొక్కేశాను."

విడుదల ఆగింది. ఆ తమ్ముడి పేరు తెర మీంచి మాయమైంది. వలలో నిన్నటి వరసలు మంచులా కరిగిపోయి, పాత ముడులు దగ్గరకొచ్చి బిగుసుకున్నాయి.

అయినా కెజియాకి నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నానికి హర్షవర్ధన్ బస్సు దిగి తలొంచుకుని వచ్చాడు. ఆవిడొక కొస, ఆయనొక కొస పట్టుకుని వలంతా ముడి ముడీ లాగి చూశారు. ఇంకెక్కడా జారలేదు.

వలలో మిగిలిన ఒక్క కొర్రమీనూ పులుసైంది. మూడింటికి నలుగురూ చాప మీద కూర్చున్నారు.

"ఉప్పు సరిపోయిందా బాబూ?" అంది పుష్పమ్మ.

సరిపోయిందండీ అనబోయి హర్షవర్ధన్ ఆగాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"కొంచెం తక్కువైందండీ."

కెజియా నవ్వి, ఉప్పుగిన్నె ఆయన ముందుకి జరిపింది.